దిశ చట్టం అనేదే లేదంట, నిజమేనా?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారమండి. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక గొడవ నడుస్తోంది, తేల్చేవాళ్ళు లేక ఇక్కడికొచ్చా. ఆడవాళ్ళ మీద నేరాలకి 21 రోజుల్లో తీర్పు అని 2019లో ఏపీ అసెంబ్లీ పాస్ చేసిన దిశ గురించే. మా బాబాయి కొడుకు గ్రూప్ టూకి ప్రిపేరవుతున్నాడు, వాడు మొన్న "దిశ చట్టం అని ఒకటి ఎప్పుడూ లేదు, అది రాష్ట్రపతి సంతకం కాక బిల్లుగానే ఆగిపోయింది" అని మెసేజ్ పెట్టాడు. దాంతో మా మావయ్య గయ్యిమన్నాడు. చట్టం లేకపోతే స్టేషన్లు ఎలా పెట్టార్రా, యాప్ ఎలా పెట్టార్రా, అసెంబ్లీలో పాస్ కాలేదా, పేపర్లో ఫస్ట్ పేజీలో పడలేదా అని వాయిస్ మెసేజ్ మీద వాయిస్ మెసేజ్. నిజం చెప్పాలంటే నేనూ మావయ్య వైపే, ఎందుకంటే 2020 ఫిబ్రవరిలో మొట్టమొదటి దిశ స్టేషన్ మా రాజమండ్రిలోనే ఓపెన్ చేశారు, ఊళ్ళో ఎంత హడావుడో, మా చెల్లి కాలేజీలో ఐతే లెక్చరర్లే దగ్గరుండి అందరి ఫోన్లలో యాప్ ఎక్కించారు.

ఇప్పుడు నా డౌట్లు ఏంటంటే, అసెంబ్లీ పాస్ చేశాక ఇంకా మిగిలింది ఏముంటుంది? మన రాష్ట్రం చేసుకున్న చట్టానికి ఢిల్లీలో సంతకం దేనికి? చట్టమే లేకపోతే బోర్డు పెట్టి స్టేషన్ ఎలా నడిపారు? ఇంకోటి, అసలు ఈ ఎమ్మెల్యేలు బిల్లు చదివే ఓటేస్తారా? పార్టీల గోల వద్దు ప్లీజ్, పద్ధతి ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు చెప్పండి.


కోర్టుగుమాస్తా:

మీ తమ్ముడు చెప్పిందే కరెక్టు. మీ మావయ్యగారిని తప్పుపట్టడానికీ లేదులెండి, లాయర్ల దగ్గరకొచ్చి "దిశ చట్టం కింద కేసు పెట్టించండి సార్" అన్నవాళ్ళు మా ఆఫీసులోనే చాలామంది.

వరసగా చెప్తా. 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక డాక్టరమ్మాయి మీద అత్యాచారం, హత్య జరిగాయి (ఆమెకే దిశ అని పేరు పెట్టారు), డిసెంబర్ 6న నిందితులు ఎన్‌కౌంటర్లో చనిపోయారు. దేశమంతా ఉడికిపోతున్న టైము అది. డిసెంబర్ 11న ఏపీ కేబినెట్ బిల్లుకి ఓకే అంది, 13న అసెంబ్లీ పాస్ చేసింది. అంటే మధ్యలో ఒకే ఒక్క రోజు. 7 రోజుల్లో దర్యాప్తు, 14 పనిదినాల్లో విచారణ, మొత్తం కలిపి 21 రోజుల్లో తీర్పు, ఇదీ అందులో జనానికి బాగా ఎక్కిన పాయింటు. ఐపీసీలో (ఏది నేరం, ఎంత శిక్ష అని చెప్పే పాత చట్టం) 354ఈ, 354ఎఫ్, 354జీ అని కొత్త సెక్షన్లు కలపాలని కూడా ఉంది.

చిక్కంతా ఇక్కడే. ఐపీసీ, సీఆర్‌పీసీ (దర్యాప్తు, విచారణ ఎలా జరగాలో చెప్పేది) రెండూ అప్పట్లో అమల్లో ఉన్న కేంద్ర చట్టాలు. క్రిమినల్ లా అనేది రాజ్యాంగంలో ఉమ్మడి జాబితాలో ఉంటుంది, అంటే కేంద్రమూ చట్టం చెయ్యొచ్చు, రాష్ట్రమూ చెయ్యొచ్చు. కానీ ఒకే విషయం మీద కేంద్రం ఒకటి చెప్పి రాష్ట్రం ఇంకోటి చెప్తే కేంద్రం మాటే చెల్లుతుంది. దానికి ఒకటే మినహాయింపు, రాజ్యాంగం ఆర్టికల్ 254(2): రాష్ట్రం బిల్లుని రాష్ట్రపతి పరిశీలనకి పంపించి ఆయన ఆమోదం తెచ్చుకుంటే ఆ రాష్ట్రం వరకు రాష్ట్రం మాట చెల్లుతుంది. రాష్ట్రపతి అంటే ఆయనొక్కడే కూర్చుని చదివి సంతకం పెట్టడం కాదు కదా, కేంద్ర కేబినెట్ సలహా మీద నడుస్తారు, కాబట్టి ఫైలు హోం శాఖకి పోయింది. అక్కణ్ణించి మిగతా మంత్రిత్వ శాఖలకి, వాళ్ళేమో కొర్రీలు వెయ్యడం, రాష్ట్రం సమాధానాలు రాయడం, మళ్ళీ కొర్రీలు. ఏళ్ళు గడిచాయి గానీ ఆమోదం రాలేదు.

ఇక స్టేషన్ల సంగతి. పోలీస్ స్టేషన్ పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఫలానా చోటు పోలీస్ స్టేషన్ అని నోటిఫై చేసే అధికారం పాత సీఆర్‌పీసీలోనే రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. పేరు ఏదైనా పెట్టుకోవచ్చు. యాప్‌కి ఐతే అసలు ఏమీ అక్కర్లేదు, సర్వరు ఉంటే చాలు. ఆ స్టేషన్లో రాసిన ఎఫ్ఐఆర్ ఒకటి సంపాదించి చూడండి, ఐపీసీ 354, 376, పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం), ఇవే పాత సెక్షన్లు ఉంటాయి. 354ఈ అని రాసిన ఎఫ్ఐఆర్ ఒక్కటి చూపించమనండి మీ మావయ్యగారిని, గొడవ తేలిపోతుంది.


పిడకలవేట:

నిశ్చితార్థం ఫోటోలు చూసి పెళ్ళైపోయింది అనుకున్నట్టు ఉంది మన జనం సంగతి 😂 నాయకులకీ కావాల్సింది ఫోటోలే. ఆమోదం రాదని తెలిసీ పాస్ చేశారు, అంతా డ్రామా.


కోర్టుగుమాస్తా:

@పిడకలవేట డ్రామా అని తేల్చేయడానికి లేదండి. రాష్ట్రపతి ఆమోదం రాకూడదని ఏమీ లేదు, కేంద్రం తల్చుకుంటే ఎంత స్పీడుగా వస్తుందో 2017లో చూశాం, తమిళనాడు జల్లికట్టు బిల్లు జనవరి 23న అసెంబ్లీలో పాసైతే ఆ నెల దాటకముందే ఆమోదం వచ్చింది. (మన కోడిపందేల బ్యాచ్ కుళ్ళుకుంది అప్పట్లో, గుర్తుందా.) జంతువుల హింస నిరోధక చట్టం కూడా కేంద్రానిదే, ఉమ్మడి జాబితాయే, పద్ధతి సేమ్ టు సేమ్. దిశ బిల్లు చూసి మహారాష్ట్ర వాళ్ళు శక్తి బిల్లు అని చేసుకున్నారు, దానికీ ఆమోదం రాలేదు. ఏ బిల్లు కదుల్తుంది, ఏది కదలదు అనేది రాజకీయం, అది వేరే చర్చ. నా కంప్లయింట్ ఒకటే, బిల్లు ఢిల్లీలో ఉండగానే ఊరంతా హోర్డింగుల మీద "చట్టం" అని రాయడం. ఆడపిల్ల తండ్రి ఆ బోర్డు చూసి 21 రోజుల్లో తీర్పొస్తుంది అని నమ్మి ఎదురు చూశాడు సార్, అలాంటాయన్ని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాల్సొచ్చినప్పుడు మా సీనియర్ గారికే మాట రాలేదు.


కరీంనగర్ పోరడు:

మా దిక్కు గూడ ఇదే కథ నడిచింది అన్నా, కాకపోతే మాది బీసీ రిజర్వేషన్ల కథ. 2025 మార్చి 17 నాడు అసెంబ్లీల 42 శాతం బిల్లులు రెండు పాస్ చేసిన్రు, ఒకటి చదువులకు ఉద్యోగాలకు, ఇంకోటి లోకల్ బాడీలకు. ఆ రోజు మా ఊర్ల పటాకులు కాల్చిన్రు, స్వీట్లు పంచిన్రు. గవర్నర్ సాబ్ రాష్ట్రపతికి పంపిండు, అంతే, గాడనే ఉన్నయి. ఇంక ఆగస్టు ఆఖరుకు పంచాయతీరాజ్ చట్టంల అన్ని రిజర్వేషన్లు కలిపి 50 శాతం దాటొద్దనే లిమిటు తీసేస్తమని ఇంకో బిల్లు పాస్ చేసిన్రు, దానిమీద గూడ సంతకం కాలేదు.

గిప్పుడు అసలు ముచ్చట. సెప్టెంబర్ 26 నాడు జీవో 9 ఇచ్చిన్రు, 42 శాతం అమలు అని. మా సర్పంచ్ క్యాండిడేట్లు అందరు "ఇగ చట్టం వచ్చేసింది" అన్నరు. జీవో చట్టం ఎట్లయితది? జీవో అంటే సర్కారు ఆర్డరు, ఉన్న చట్టం ఎంత దూరం పోనిస్తదో అంత దూరమే పోతది. పాత చట్టంల 50 శాతం గీత ఇంక చెరిపేయనే లేదు, బీసీల 42కు మిగతా రిజర్వేషన్లు కలిపితే జీవో ఆ గీత దాటింది. అక్టోబర్ 9 నాడు పొద్దుగాల నామినేషన్లు షురూ చేసిన్రు, అదే రోజు హైకోర్టు జీవో మీద స్టే ఇచ్చింది. వారం తర్వాత సుప్రీం కోర్టుకు పోతే ఆడ గూడ నడవలేదు. ఆఖరికి డిసెంబర్ల పంచాయతీ ఎలక్షన్లు 50 శాతం లోపల్నే అయినయి. మా కాకా నామినేషన్ కోసం కొత్త ఖద్దరు బట్టలు కుట్టించుకుండు, అవి ఇప్పుడు పెండ్లిళ్ళకు ఏసుకుంటుండు.

నేను రిజర్వేషన్లకు వ్యతిరేకం కాదు, నేనూ బీసీ బిడ్డనే. కానీ బిల్లు, ఆర్డినెన్సు (సభ నడవనప్పుడు తెచ్చే తాత్కాలిక చట్టం), జీవో, ఇవి మూడు వేరువేరు అని మాకు ఎవ్వడు చెప్పలే, టీవీల గూడ అన్నిటికీ ఒకటే బ్రేకింగ్ న్యూస్ మ్యూజిక్కు.


గోదారిగట్టు:

థాంక్సండి ఇద్దరికీ. ఎఫ్ఐఆర్ పాయింటు గ్రూపులో పెట్టా, మావయ్య "చూశాం" అని నీలం టిక్కులు వేసి ఊరుకున్నాడు. మరి రాష్ట్రపతి సంతకం కూడా అయిపోతే ఇంక చట్టం వచ్చేసినట్టేగా? అక్కడితో ఐపోయినట్టేనా?


బెజవాడ లారీ:

ఐపోదు గోదారి అన్నాయ్. మాకు జరిగింది చెప్తా విను.

కొత్త క్రిమినల్ చట్టాలు మూడు వచ్చాయి కదా, ఐపీసీ తీసేసి భారతీయ న్యాయ సంహిత అని. 2023 డిసెంబర్ 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 25న రాష్ట్రపతి సంతకం, అన్నీ అయిపోయినాయి. అందులో 106(2) అని ఒకటుంది, యాక్సిడెంట్ చేసి మనిషి చనిపోతే, పోలీసులకో మేజిస్ట్రేట్‌కో చెప్పకుండా డ్రైవరు పారిపోతే పదేళ్ళ దాకా జైలు. ఐపీసీ 304ఏ కింద రెండేళ్ళు ఉండేది. మా డ్రైవర్లు ఏమంటారంటే, ఆగితే జనం కొట్టి చంపుతారు, ఆగకపోతే పదేళ్ళు, ఏం చెయ్యమంటావు అని. 2024 కొత్త సంవత్సరం మొదట్లోనే దేశమంతా లారీలు ట్యాంకర్లు ఆగిపోయినాయి. జనవరి 2న హైదరాబాద్ పెట్రోల్ బంకుల దగ్గర క్యూలు గుర్తున్నాయా, బక్కెట్లు క్యాన్లు పట్టుకుని నిలబడ్డారు, అది ఈ గొడవే.

నేను ఆ రోజుల్లో ఏమనుకున్నానంటే రాష్ట్రపతి సంతకం పెట్టేశాక ఇంకేం చేస్తాం, అమల్లోకి వచ్చేసింది అని, చాలామంది ఓనర్లు అదే భయంతో ఉన్నారు. కాదంట. చట్టంలో మొదటి సెక్షన్లోనే రాసుంటది, "కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన తేదీ నుంచి అమలు, వేరే వేరే సెక్షన్లకి వేరే వేరే తేదీలు పెట్టుకోవచ్చు" అని. ఆ ముక్క పట్టుకునే గవర్నమెంటు వెనక్కి తగ్గింది. ఫిబ్రవరిలో నోటిఫికేషన్ ఇచ్చారు, జూలై 1 నుంచి చట్టమంతా అమలు, ఈ 106(2) ఒక్కటి తప్ప అని. పుస్తకంలో ప్రింటై ఉంది, సంతకం ఉంది, పార్లమెంటు పాస్ చేసింది, ఐనా దాని కింద కేసు కట్టలేరు. నెగ్లిజెన్స్ డెత్ మాత్రం 106(1) కింద ఐదేళ్ళకి పెరిగింది, అది అమల్లో ఉంది, మా యూనియన్ వాళ్ళు గెలిచాం అని ఊరేగినప్పుడు ఆ సంగతి ఎవ్వరూ చెప్పలేదు మరి.


గ్రూప్‌టూ_అటెంప్ట్:

ఇది ఎగ్జామ్ పాయింట్ ఆఫ్ వ్యూలో సూపర్ థ్రెడ్ 🙏 అమల్లోకి వచ్చాక కూడా ఇంకో మెట్టు ఉంటుంది, రూల్స్. చట్టంలో పెద్ద మాటలు ఉంటాయి, ఫారం ఎక్కడివ్వాలి, ఫీజు ఎంత, ఏ ఆఫీసరు, ఎన్ని రోజుల్లో అనేవన్నీ "నిర్దేశించిన విధంగా" అని రాసి వదిలేస్తారు, అవి తర్వాత డిపార్టుమెంటు వాళ్ళు రూల్స్‌గా రాసుకుంటారు. సామాన్యుడికి తగిలేది చట్టం కన్నా రూల్సే ఎక్కువ, కానీ వాటి మీద ఎవడూ టీవీలో డిబేట్ పెట్టడు.

ఏపీ ల్యాండ్ టైట్లింగ్ చట్టమే (భూమి టైటిల్, అంటే హక్కు, ఎవరిదో ప్రభుత్వమే రిజిస్టర్లో ఎక్కించే చట్టం) తీసుకోండి. బిల్లు మొదటిసారి 2019లో పాస్ చేశారు, కేంద్రం ఒప్పుకోలేదు, మార్చి మళ్ళీ చేశారు, చివరికి 2022లో పాసైన వెర్షన్‌కి రాష్ట్రపతి ఆమోదం వచ్చి 2023 అక్టోబర్ 31 నుంచి అమలు అన్నారు. పేరులో 2022 ఉంటుంది, అమలు 2023, జనానికి తెలిసింది 2024 ఎలక్షన్ల టైములో! పొలాలు లాక్కుంటారు అని ఒక పక్క, మీ టైటిల్‌కి గ్యారంటీ ఇస్తుంది అని ఇంకో పక్క, రెండు పార్టీల వాళ్ళూ మా ఊరొచ్చి మైకు పట్టుకుని అరిచారు, ఒక్కడి దగ్గరా చట్టం కాపీ లేదు. టైటిల్ రిజిస్ట్రేషన్ ఆఫీసరుగా ఎవరిని పెడతారు, సివిల్ కోర్టుకి పోకుండా ఎక్కడికి పోవాలి, లాయర్లు రోడ్డెక్కింది వీటి గురించే, అసలు చర్చ అవ్వాల్సిందీ అదే.

రద్దు కూడా చూడండి. 2024 జూన్ 13న కొత్త ముఖ్యమంత్రి రెండో సంతకం దాని రద్దు ఫైలు మీద పెట్టారు, ఆ రోజే పోయింది అనుకున్నారు అందరూ. ముఖ్యమంత్రి సంతకంతో చట్టం పోదు, జూలైలో అసెంబ్లీలో రద్దు బిల్లు పెట్టి పాస్ చెయ్యాల్సి వచ్చింది. ప్రధాని విషయంలోనూ అంతే, రైతు చట్టాలు వెనక్కి తీసుకుంటున్నాం అని 2021 నవంబర్ 19న టీవీలో చెప్పారు, 29న పార్లమెంటులో రద్దు బిల్లు రెండు సభల్లోనూ పాసయ్యాకే పోయాయి.


డల్లాస్ నుంచి:

ప్రత్యేక హోదా సంగతి ఎవ్వరూ ఎత్తలేదేంటి, నాకు అన్నిటికన్నా కాలేది అదే. ఇక్కడ అసోసియేషన్ మీటింగుల్లో ఇప్పటికీ "విభజన చట్టంలో ఉన్న హోదా ఇవ్వలేదు" అంటారు. చట్టం మొత్తం చదవండి బాబూ, ఎక్కడా లేదు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ గారు లేచి 13 జిల్లాల ఆంధ్రప్రదేశ్‌కి ఐదేళ్ళు ప్రత్యేక హోదా ఇస్తాం అని ప్రకటన చేశారు, వెంకయ్య నాయుడు గారు పదేళ్ళు కావాలన్నారు. అంతవరకే. బిల్లులో రాయలేదు.

ఎందుకు రాయలేదంటే, రాజ్యసభలో బిల్లుకి ఒక్క అక్షరం సవరణ పెట్టినా అది మళ్ళీ లోక్‌సభకి వెళ్ళి పాసవ్వాలి. లోక్‌సభలో 18వ తేదీన ఎలా పాసయిందో మనందరికీ తెలుసు, లైవ్ ఆగిపోయి, అంతకుముందు 13న పెప్పర్ స్ప్రే. ఆ లోక్‌సభకి అదే ఆఖరి సమావేశం, 21తో ఐపోయింది. ఇంక మళ్ళీ అక్కడికి పంపించే ధైర్యం ఎవరికుంది? అందుకే సవరణ లేకుండా నోటిమాటతో సరిపెట్టారు. సభలో మంత్రులిచ్చే మాటల్ని వెంటాడటానికి హామీల కమిటీ అని ఒకటుంటుంది గానీ, హామీ చట్టం కాదు, ఫలానా సెక్షన్ ప్రకారం ఇవ్వండి అని కోర్టులో అడగడానికి సెక్షనే లేదు.

చట్టంలో రాసినవాటి సంగతీ చూడండి. పోలవరం 90వ సెక్షన్‌లో జాతీయ ప్రాజెక్టు అని స్పష్టంగా రాసుంది కాబట్టి ఇవాళ్టికీ గట్టిగా అడగ్గలుగుతున్నారు. రైల్వే జోన్ 13వ షెడ్యూల్లో ఉంది, కానీ ఎలా ఉంది? ఆరు నెలల్లోగా "పరిశీలించి" త్వరగా నిర్ణయం తీసుకోవాలి అని. కడప స్టీల్ ప్లాంటు కూడా సెయిల్ (కేంద్ర ప్రభుత్వ ఉక్కు కంపెనీ) వాళ్ళు సాధ్యాసాధ్యాలు "పరిశీలించాలి" అంతే. పరిశీలించాం, కుదరదు అన్నా చట్టం పాటించినట్టే! జోన్ ప్రకటన రావడానికే 2019 ఫిబ్రవరి అయింది. మన ఎంపీలు గొంతులు చించుకోవడం మానేసి ఆ ఒక్క క్రియాపదం మీద కొట్లాడుంటే బావుండేది.

ఇంకా బాధేంటంటే 2014 జనవరి 30న మన అసెంబ్లీ ఈ బిల్లు వద్దు అని తిప్పికొట్టింది, ఐనా విభజన జరిగిపోయింది, ఇదేం ప్రజాస్వామ్యం?


కరీంనగర్ పోరడు:

@డల్లాస్ నుంచి అన్నా అంత మంచిగ చెప్పి ఆఖరికి గట్ల అంటవేంది. ఆర్టికల్ 3 చూడు, కొత్త రాష్ట్రం చేసేది పార్లమెంటు, అసెంబ్లీని అభిప్రాయం అడుగుతరు, పర్మిషన్ కాదు. అసెంబ్లీ అవునన్నా కాదన్నా పార్లమెంటు చెయ్యొచ్చు. అట్ల లేకపోతే ఎక్కువ సీట్లున్న ప్రాంతం తక్కువ సీట్లున్నోళ్ళను ఎన్నటికీ పోనియ్యదు గదా, గా సంగతి తెల్సే రాజ్యాంగంల అట్ల పెట్టిన్రు. లైవ్ బంద్ చేసుడు తప్పే, అది నేను గూడ ఒప్పుకుంట. ఇగ "పరిశీలన" బాధ మీకొక్కరికే కాదు, మా బయ్యారం స్టీల్ ప్లాంటు గూడ అదే షెడ్యూల్ల అదే మాటతోని ఉన్నది, మేము గూడ పరిశీలనలనే ఉన్నం.


డల్లాస్ నుంచి:

@కరీంనగర్ పోరడు రూలు తెలుసు తమ్ముడూ, రూలు బావుందా అనే అడిగా. సరే, ఇంకో థ్రెడ్‌లో కొట్టుకుందాం.


పిడకలవేట:

మండలి రద్దు మర్చిపోయారు. 2020లో టీవీలో "శాసన మండలి రద్దు" అని స్క్రోలింగ్ చూసి మా ఎదురింటి ఆయన ఎమ్మెల్సీ ఓటరు కార్డు చింపేస్తానన్నాడు.


కోర్టుగుమాస్తా:

😀 మంచిది గుర్తు చేశారు. మూడు రాజధానుల బిల్లు 2020 జనవరి 20న అసెంబ్లీలో పాసై మండలికి వెళ్తే 22న అక్కడ చైర్మన్ గారు సెలెక్ట్ కమిటీకి (బిల్లుని వివరంగా పరిశీలించే సభ్యుల కమిటీ) పంపాలన్నారు. ఆ కోపంలో 27న మండలినే రద్దు చెయ్యాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. తీర్మానం అంటే కోరిక, ఆర్టికల్ 169 ప్రకారం మండలి తీసెయ్యాలన్నా పెట్టాలన్నా పార్లమెంటు చట్టం చెయ్యాలి. 1985లో ఎన్టీఆర్ గారి టైములో పార్లమెంటు చేసింది కాబట్టి పోయింది, 2007లో మళ్ళీ వచ్చింది. 2020 తీర్మానాన్ని ఢిల్లీలో ఎవరూ ముట్టుకోలేదు. 2021 నవంబర్ వచ్చేసరికి మండలిలో బలం అధికార పార్టీ వైపు మారిపోయింది, రద్దు తీర్మానాన్ని చేసిన అసెంబ్లీయే వెనక్కి తీసుకుంది.

బిల్లుని శాశ్వతంగా ఆపే శక్తి మండలికి లేదు, అది కూడా చెప్పాలి. మొదటిసారి మూడు నెలలు, అసెంబ్లీ మళ్ళీ పాస్ చేసి పంపితే ఒక నెల, ఆ తర్వాత మండలి ఒప్పుకోకపోయినా పాసైనట్టే లెక్క. ఆ బిల్లు అలాగే జూన్ 16న అసెంబ్లీలో రెండోసారి పాసై జూలై 31న గవర్నర్ ఆమోదం పొందింది. ఎంత గోల జరిగినా మండలి చేతిలో ఉన్నది ఆ నాలుగు నెలలే.

గోదారిగట్టు గారు, ఎమ్మెల్యేలు చదువుతారా అని అడిగారు కదా. కొందరు చదువుతారు, చదివే పాత తరం వాళ్ళని నేనే చూశాను. కానీ చదివినా ఏం చేస్తారు? 1985 నుంచి పార్టీ ఫిరాయింపుల చట్టం ఉంది, విప్ (ఇలాగే ఓటెయ్యాలని పార్టీ ఆదేశం) జారీ చేశాక పార్టీ లైనుకి ఎదురు ఓటేస్తే సీటుకే ఎసరు. ఫిరాయింపులు ఆపడానికి తెచ్చినదే, ఆ పని ఎంత బాగా చేసిందో మీకూ తెలుసు, బిల్లు మీద సొంత అభిప్రాయాన్ని మాత్రం చంపేసింది. పుస్తకం ప్రకారం బిల్లు ప్రవేశపెట్టడం, క్లాజు క్లాజు చర్చ, సవరణలు, ఆఖరి ఓటు, ఇలా దశలుంటాయి. మన అసెంబ్లీల్లో చాలా బిల్లులు ఈ దశలన్నీ ఒక్క పూటలో దాటేస్తాయి, స్పీకర్ గారు అనుకూలంగా ఉన్నవారు అవును అనండి అంటారు, అవును అంటారు, మూజువాణి ఓటుతో ఆమోదం. ఎవరు అవునన్నారో ఎవరు కాదన్నారో పేర్లతో రికార్డు కూడా ఉండదు, డివిజన్ (ఓట్లు లెక్కపెట్టడం) అడిగితే తప్ప.

పార్లమెంటులో ఐతే స్టాండింగ్ కమిటీలున్నాయి, అక్కడ పార్టీ జెండాలు పక్కనపెట్టి నిజంగా పని జరుగుతుంది, నిపుణుల్ని పిలుస్తారు, డిపార్టుమెంటు సెక్రటరీల్ని నిలదీస్తారు. కానీ పీఆర్ఎస్ (చట్టసభల పనితీరు మీద పరిశోధన చేసే సంస్థ) లెక్కల ప్రకారం 15వ లోక్‌సభలో 71 శాతం బిల్లులు కమిటీకి వెళ్తే 17వ దానిలో 16 శాతమే వెళ్ళాయి. నా మటుకు నాకు ఇదే అసలు వార్త, ఓటింగ్ రోజు అరుపులు కాదు.


గ్రూప్‌టూ_అటెంప్ట్:

కలపాల్సింది ఒకటి. జనం అభిప్రాయం చెప్పడానికి కూడా దారి ఉంది, బిల్లు పెట్టకముందు డ్రాఫ్టు కనీసం 30 రోజులు పబ్లిక్‌లో పెట్టాలని కేంద్రం 2014లో ఒక విధానం పెట్టుకుంది. విధానమే, చట్టం కాదు, పాటించకపోయినా ఎవరూ ఏమీ అనరు. ప్రైవేటు మెంబర్ బిల్లుల గురించి కూడా ఆశలు పెట్టుకోకండి, మా ఎంపీ బిల్లు పెట్టాడు అని పోస్టర్లు వేస్తుంటారు, మంత్రి కాని సభ్యుడు పెట్టిన బిల్లు చట్టమవ్వడం ఆఖరిసారి జరిగింది 1970లో. మొత్తం 14 అంతే.


గోదారిగట్టు:

చాలా చాలా థాంక్సండి అందరికీ. ఆఖరిగా రెండు. ఒకటి, ఇకమీదట ఎవడైనా "చట్టం వచ్చింది" అంటే నేను ఎక్కడ చూడాలి? రెండు, దిశ బిల్లు పాస్ చేసిన అసెంబ్లీ 2024లో పోయింది కదా, బిల్లు కూడా పోయినట్టేనా, లేక రేపు ఎప్పుడైనా రాష్ట్రపతి సంతకం పెడితే చట్టం అవుతుందా? రాష్ట్రపతికి ఇన్ని రోజుల్లో అని గడువేమీ లేదా?


కోర్టుగుమాస్తా:

చూడ్డానికి ఇండియా కోడ్ అని గవర్నమెంటు వెబ్‌సైటే ఉంది, కేంద్ర చట్టాలు, రాష్ట్ర చట్టాలు రెండూ దొరుకుతాయి, కొత్తవి ఐతే ఈ-గెజిట్ (ప్రభుత్వ రాజపత్రం సైటు) చూడండి. చట్టానికి నంబరు, సంవత్సరం ఉంటాయి, ఫలానా ఏడాదిలో ఫలానా నంబరు చట్టం అని. నంబరు లేకపోతే అది ఇంకా బిల్లే. తర్వాత మొదటి సెక్షన్లో అమలు తేదీ చూడండి, బెజవాడ లారీ గారు చెప్పిన కిటుకు అక్కడే ఉంటుంది. రాష్ట్రాల చట్టాలు సైట్లో ఆలస్యంగా ఎక్కిస్తారు, తెలుగు కాపీ దొరకడం ఇంకా కష్టం, అది మాత్రం మన ఖర్మ.

గడువు సంగతి: గవర్నర్‌కి ఆర్టికల్ 200, రాష్ట్రపతికి ఆర్టికల్ 201, రెండింట్లోనూ ఇన్ని రోజులు అని లేదు. 2025 ఏప్రిల్ 8న తమిళనాడు కేసులో సుప్రీం కోర్టు ఇద్దరు జడ్జిల బెంచ్ గడువులు పెట్టింది, రాష్ట్రపతికి మూడు నెలలు అంది. దాని మీద రాష్ట్రపతే కోర్టుని అభిప్రాయం అడిగితే నవంబర్ 20న ఐదుగురు జడ్జిలు గడువు పెట్టడం కోర్టు పని కాదు అన్నారు, గడువు దాటింది కాబట్టి సంతకం అయిపోయినట్టే అనుకోవడమూ కుదరదన్నారు. గవర్నర్ కారణం చెప్పకుండా ఏళ్ళ తరబడి బిల్లు మీద కూర్చుంటే మాత్రం కోర్టు ప్రశ్నించొచ్చు అన్నారు.

ఇక దిశ బిల్లు. సభలో పెండింగులో ఉన్న బిల్లు అసెంబ్లీ రద్దైతే పోతుంది. సభ పాస్ చేసేసి ఆమోదం కోసం వెయిటింగులో ఉన్నది మాత్రం పోదు, 1962లో కేరళ కేసులో సుప్రీం కోర్టు ఇది తేల్చేసింది. కాబట్టి పాత అసెంబ్లీ పోయిందన్న ఒక్క కారణంతో దిశ బిల్లు చచ్చిపోదు. కానీ అది మార్చాలనుకున్నది ఐపీసీని, సీఆర్‌పీసీని, ఆ రెండూ 2024 జూలై 1న పోయాయి. ఇవాళ సంతకం పెట్టినా ఆ 354ఈ ఎక్కించడానికి పుస్తకమే లేదు. ఎవరికైనా ఆ 21 రోజుల తీర్పు నిజంగా కావాలంటే వాటి స్థానంలో వచ్చిన కొత్త చట్టాల మీద కొత్త బిల్లు రాసుకోవాలి, మళ్ళీ కేబినెట్ నుంచి మొదలు. దానికన్నా ముందు జడ్జి పోస్టులు, ఫోరెన్సిక్ ల్యాబులు కావాలి, శాంపిల్ రిపోర్టు రావడానికే నెలలు పడుతుంటే 21 రోజుల్లో ఏ జడ్జి గారు తీర్పు రాస్తారో నాకైతే అర్థం కాదు.


బెజవాడ లారీ:

ల్యాబుల మాట నిజం గుమాస్తా గారూ. మా బండి కేసులో బ్లడ్ రిపోర్టు ఇంకా రాలేదు, వాయిదాల మీద వాయిదాలు.